నేల విడుచుటకు ముందు

ఢిల్లీ నగరమున కాపురముండు తెలుగువారికి పుష్యమాసము ఏటేట ఒక పరీక్ష. సంక్రాంతికి ఇల్లు చేరవలెనను ఆత్రము ఒకవంక. తెల్లవారుజామున నగరమునంతయు కప్పివేయు పొగమంచు మరియొకవంక. సెలవు దొరకుటయే కష్టము. దొరికిన నాలుగు దినములలో ఒకదినము విమానాశ్రయపు కుర్చీలలో గడచిపోవుచుండగా, గడియారమును ప్రకటనల పలకను మార్చి మార్చి చూచుకొనుచు కూర్చున్నవానికి కోపము వచ్చుట వింత కాదు. 2024వ సంవత్సరము జనవరి 14వ తేదీన, సరిగా భోగినాడు, ఢిల్లీలో నిలిచిపోయిన ఒక విమానమున, ఆలస్యమును గూర్చి ప్రకటన చేయుచున్న పైలటుమీదికి ఒక ప్రయాణికుడు పరుగున వచ్చి కొట్టెను. ఆ దృశ్యమును దేశమంతయు చూచినది. ఆ పని తప్పే. కాని ఆ కోపము వెనుక నున్న సందేహము ఆ యొక్క ప్రయాణికునిది మాత్రమే కాదు. విమానము నిజముగా ఎగురలేకయే నిలిచినదా, లేక ఎవరి సౌకర్యము కొరకో నిలిపిరా యను సందేహము మనలో పెక్కుమందికి కలదు.

మేమును అట్టి యొక ఉదయమున అదే విమానాశ్రయమున ఆరు గంటలు కూర్చుంటిమి. మా ప్రక్కన విశాఖపట్టణము పోవలసిన వృద్ధ దంపతులుండిరి. మా వృత్తి యేమో మాటలలో తెలిసికొని, ఆ పెద్దమనిషి మమ్ము నిలదీసి యడిగెను: "ఏమండీ ప్లీడరుగారూ, అదిగో, ఇప్పుడే ఒక విమానం దిగింది గదా! దిగడానికి కనపడిన దారి ఎగరడానికి కనపడదా? ఇదంతా కంపెనీవాళ్ల సాకు కాదూ?"

ప్రశ్న సహేతుకముగనే తోచినది. సమాధానము మాకప్పుడు తెలియదు. తరువాత విమానయాన నిబంధనలను చదివి, పూర్వము జరిగిన ప్రమాదములపై వెలువడిన విచారణల సారమును తిరుగవేసి తెలిసికొన్నదానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మొదట, అధికారమెవరిది యను విషయము. 1944వ సంవత్సరమున షికాగో నగరమున కుదిరిన అంతర్జాతీయ పౌరవిమానయాన ఒడంబడికకు అనుబంధములుగ ఏర్పడిన నియమములలో, విమానము తన అధీనమున నున్నంతకాలము దానిని గూర్చిన తుది నిర్ణయము కెప్టెనుదే యని స్పష్టముగ కలదు. మన దేశపు నిబంధనలును ఆ సూత్రమునే అనుసరించుచున్నవి. కంపెనీ మేనేజరు గాని, టవరులోని కంట్రోలరు గాని, ముందు వరుసలో కూర్చున్న మంత్రిగారు గాని కెప్టెను వలదన్న విమానమును కదలింపజాలరు. అయితే ఈ అధికారము ఒకవైపుననే నిరంకుశమైనది. పోవలదనుటకు ఆయనకు సంపూర్ణ స్వాతంత్ర్యము కలదు, పోవుదమనుటకు లేదు. విధించిన హద్దులలో ఏ యొక్కటి తప్పినను ఆయన కోరియు కదలరాదు. హద్దులన్నియు సరిపోయినను మనసున సందేహమున్నచో నిలిచిపోవచ్చును. న్యాయస్థానమున సందేహఫలము ముద్దాయికి చెందును; రన్‌వేమీద సందేహఫలము నిలుపుదలకు చెందును.

ఇక పొగమంచు సంగతి. ఎంతదూరము కనబడుచున్నదను విషయమును ఒకరి కంటి అంచనాకు వదలరు. రన్‌వే ప్రక్కను, మొదటను నడుమను చివరను, యంత్రములుండును. గాలిలో కాంతి ఎంత చెదరిపోవుచున్నదో అవి కొలుచును. దానినిబట్టి రన్‌వేమీద నున్న పైలటునకు దీపములు ఎన్ని మీటర్ల వరకు కనబడునో లెక్కకట్టుదురు. దీనిని వారు ఆర్.వి.ఆర్. అందురు, మనము రన్‌వే చూపుమేర అనుకొనవచ్చును. ఢిల్లీలో, తగిన పరికరములును శిక్షణయు అనుమతియు గలవారు ఈ చూపుమేర 50 మీటర్లకు తగ్గినను దిగగలరు. ఎగురుటకు మాత్రము 125 మీటర్లు కావలయును. పెద్దమనిషి ప్రశ్నకు మూలము ఈ రెండంకెల భేదమే.

భేదమునకు కారణము కలదు. అంతటి మంచులో దిగునప్పుడు విమానమును దింపునది మనుష్యుడు కాదు, యంత్రము. నేలమీదినుండి వచ్చు రేడియో సంకేతములను పట్టుకొని, ఒకదానినొకటి సరిచూచుకొను స్వయంచాలక యంత్రములు విమానమును రన్‌వేపైకి తెచ్చి, నేల తాకించి, నడిమి గీత వెంబడి నడిపించును. పైలట్లు కనిపెట్టి చూచుచుందురు. తేడా వచ్చినచో మరల పైకి లేచిపోవుదురు. ఎగురునప్పుడట్లు కాదు. మనము సాధారణముగా ప్రయాణించు విమానములలో, నేలమీది పరుగునంతయు పైలటు తన చేతులతో, పాదములతో, కన్నులతో నడుపవలసినదే. ఆ పరుగు నడుమ ఒక ఇంజను ఆగినదనుకొనుడు. రెండవ ఇంజను త్రోపునకు విమానము ఆగిన ఇంజను వైపునకు తిరిగిపోజూచును. దానిని పాదముతో సవరించి తిన్నగ నడుపుటకు పైలటునకు గల ఆధారము ఎదుట కనబడు నడిమి గీత దీపములే. ఆ దీపములు చాలినన్ని కనబడనిచో సవరణ లేదు. అన్నియు సక్రమముగ నడచినప్పుడు ఆ 125 మీటర్లు అక్కరలేనట్లే తోచును. ఆ అంకెను నిర్ణయించినది అన్నియు సక్రమముగ నడువని దినమును దృష్టియందుంచుకొని.

మరియొక సంగతి. ఎగిరిన వెంటనే ఇంజను చెడినచో విమానము ఎచ్చటికి పోవలయును? బయలుదేరిన చోటనే దిగుటకు మంచు అడ్డమైనచో, ఒక్క ఇంజనుతో ఒక గంటలోపల చేరగల మరియొక విమానాశ్రయము, అక్కడ దిగుటకు అనువైన వాతావరణము, రెండును ముందే నిశ్చయమై యుండవలయును. రెండింజనుల విమానమునకు ఇది నియమము. అందుచేత ఢిల్లీలో మంచు పలుచబడినను, చుట్టుపట్లనెచ్చటను తెరపి లేనిచో విమానము కదలకపోవచ్చును. కిటికీలోనుండి చూచు ప్రయాణికునికి ఇది కనబడదు.

మంచు లేని దినములందును నిర్ణయము సులభము కాదు. ప్రతి ప్రయాణమునకు ముందు ఇరువురు పైలట్లు లెక్కలు కట్టుదురు. విమానపు బరువు, రన్‌వే పొడవు, అది పొడిగ నున్నదా తడిగ నున్నదా, గాలి ఎటు వీచుచున్నది, ఎండ ఎంత, వాయుపీడన మెంత అనువాని నన్నిటిని చేర్చి మూడు వేగములను తేల్చుదురు. ఒకరి లెక్కతో మరియొకరి లెక్కను సరిచూచుకొందురు. మూడింటిలో మొదటిదానికి వీ-వన్ అని పేరు. ఆ వేగము చేరులోపల ఏ ప్రమాదము తోచినను పరుగు ఆపవచ్చును. మిగిలిన రన్‌వేలో విమానము నిలిచిపోవును. అది దాటిన పిమ్మట ఇంజను ఆగినను ఆపరాదు, ఎగిరియే తీరవలయును. రెండవది ముక్కు పైకెత్తు వేగము. మూడవది, ఒక ఇంజను పోయినను, రన్‌వే పైన 35 అడుగుల ఎత్తు చేరునప్పటికి విమానమునకు ఉండవలసిన వేగము.

మా వృత్తిలోని వారికి వీ-వన్ అనగా నేమో ఒక్క మాటలో చెప్పవచ్చును: అది కాలదోషపు గడువు వంటిది. గడువులోపల ఎన్ని విధములనైనను ఆలోచింపవచ్చును. దాటిన పిదప ఆలోచనకు తావులేదు. పరుగు మొదలైనది మొదలు కెప్టెను చేయి ఇంజనుల శక్తిని తగ్గించు పిడిమీదనే యుండును. వీ-వన్ అని కేక వినబడగనే ఆ చేతిని తీసివేయును. ఇంక ఆపుటకు వీలులేదని చేతికి నేర్పిన పాఠమది. ఒక్కొకప్పుడు ఆ నిర్ణయమునకు దొరకు వ్యవధి ఒకటి రెండు సెకనులు. అందుచేతనే ఏది జరిగినచో ఆపవలెనో, ఏది జరిగినను ఆపరాదో, విమానము కదలకముందే వారిద్దరును పైకి చెప్పుకొందురు.

ఎండయు ఒక శత్రువే యని మనలో పెక్కుమందికి తెలియదు. వేడెక్కిన గాలి పలుచబడును. పలుచని గాలిలో రెక్కకు పట్టు తగ్గును, ఇంజనుకు త్రోపు తగ్గును, పరుగు పొడవగును. సముద్రమట్టమునకు 10,600 అడుగులకు పైబడి యున్న లేహ్ పట్టణమునకు విమానములు ఎక్కువగ ఉదయముననే పోయి వచ్చుట ఇందుకే. మధ్యాహ్నపు వేడిమియు గాలులును అక్కడ ప్రతికూలములు. మహారాష్ట్రమున ఔరంగాబాదులో 1993 ఏప్రిల్ 26వ తేదీన జరిగినది మన తరమువారు మరువరానిది. నిండు ప్రయాణికులతో బొంబాయికి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగు 737 విమానము రన్‌వే చివరివరకు పోయి నేల విడిచినది. ఆవలి రోడ్డుమీద ప్రత్తిబేళ్లతో పోవుచున్న ఒక లారీని తగిలి, పిమ్మట విద్యుత్తీగలను తగిలి కూలినది. అందున్న 118 మందిలో 55 మంది మరణించిరి. ముక్కును ఆలస్యముగ, సరికాని పద్ధతిని ఎత్తిరని పైలట్లనును, విమానముల వేళ ఆ రోడ్డుమీద బండ్లను నిలుపలేదని విమానాశ్రయాధికారులనును విచారణ తప్పుపట్టినది. ఎగురుట సురక్షితమా యను ప్రశ్నలో కంచె ఆవలి లారీయు ఒక భాగమని ఆ దినము తెలియవచ్చినది.

లెక్క సరిగనే యుండియు, లెక్కకు ఆధారమైన నేల మారిపోయినచో ఏమగును? 1958 ఫిబ్రవరి 6వ తేదీన జర్మనీదేశపు మ్యూనిక్ నగరమున జరిగినదానిని న్యాయవాదులు ప్రత్యేకముగ చదువదగును. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాలు జట్టును తీసికొనిపోవుచున్న బ్రిటిషు విమానము ఇంధనము కొరకు అచ్చట దిగినది. ఇంజనుల ధ్వని సరిగ లేదని రెండుమార్లు పరుగును నడుమ ఆపిరి. మూడవమారు ప్రయత్నించిరి. వేగము 117 నాట్‌లు, అనగా గంటకు సుమారు 217 కిలోమీటర్లు చేరినది. అంతట పెరుగుటకు మారుగ ముల్లు 105కు పడిపోయెను. ఆపుటకు రన్‌వే చాలదు. ఎగురుటకు వేగము చాలదు. విమానము కంచె దాటిపోయి ఒక యింటిని ఢీకొన్నది. 44 మందిలో 23 మంది మరణించిరి.

రెక్కలమీది మంచును తొలగింపక బయలుదేరుటయే కారణమని జర్మను విచారణ తేల్చినది. ఆ నింద బ్రతికి బయటపడిన కెప్టెను జేమ్స్ థేన్ తలపై పడెను. ఆయన ఉద్యోగము పోయినది. రెక్కపై మంచున్నదనుటకు చూపిన ఛాయాచిత్రపు అసలు నెగటివును తరువాత పరిశీలింపగా, అందు మంచు కనబడలేదు. ప్రతిలో తెల్లగ తోచినది వెలుతురు ప్రతిఫలనము. రన్‌వే చివరి భాగమున పేరుకొన్న, నీటితో కలిసిన మెత్తని మంచుబురద చక్రములను పట్టి వేగమును హరించినదని పరీక్షల వలన తేలినది. 1969లో వెలువడిన బ్రిటిషు నివేదిక థేన్‌ను నిర్దోషి యనెను. అప్పటికి పదునొకండేండ్లు గడచినవి. ఆయన మరల ఆ సంస్థలో పైలటుగ చేరలేదు. 1975లో, 53 ఏండ్ల వయస్సున, మరణించెను. నేడు మంచుదేశములలో రన్‌వేమీది బురద లోతును కొలిచి చెప్పనిదే ఏ పైలటును లెక్క మొదలుపెట్టడు. లోతు కొంత మించినచో ఎగురనే యెగురడు. ఈ నియమము వెనుక 23 ప్రాణములును, ఒక నిరపరాధి జీవితమును కలవు.

యంత్రమును నేలను గూర్చి ఇంతవరకు చెప్పితిమి. మనస్సును గూర్చి చెప్పవలసినది ఇంకను ముఖ్యము. 1977 మార్చి 27వ తేదీన కెనరీ దీవులలోని టెనెరిఫ్ విమానాశ్రయమున మంచు క్రమ్మియుండెను. వేరొక విమానాశ్రయమున బాంబు ప్రేలుటచే దారి మళ్లింపబడిన విమానములచే ఆ చిన్న స్థలము క్రిక్కిరిసియుండెను. డచ్చి సంస్థయగు కె.ఎల్.ఎమ్. వారి జంబో విమానపు కెప్టెను మిక్కిలి అనుభవజ్ఞుడు, ఆ సంస్థలో తక్కిన పైలట్లకు శిక్షణ నిచ్చువాడు. పనిగంటల పరిమితి దాటిపోవునేమో యను తొందర ఆ సిబ్బందికి కలదు. టవరునుండి ఎగురుటకు అనుమతి రాకముందే ఆయన పరుగు ప్రారంభించెను. ఎదుట రన్‌వేమీద పాన్ అమెరికన్ వారి విమానము ఇంకను ఉన్నదేమో యని వెనుక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరు సందేహము వెలిబుచ్చెను. కెప్టెను దానిని త్రోసిపుచ్చెను. ఇంజనీరు మరల మాటాడలేదు. రెండు విమానములును ఢీకొని 583 మంది మరణించిరి.

అయిదేండ్లు తిరుగకముందే, 1982 జనవరి 13వ తేదీన, మంచు కురియుచున్న వాషింగ్టనులో ఇట్టిదే మరియొకటి జరిగినది. ఇంజనులకు మంచు పట్టకుండ కాపాడు ఏర్పాటును ఆ విమానమున నడుపలేదు; అందుచే శక్తిని కొలుచు ముల్లు ఉన్నదానికంటె ఎక్కువ చూపినది. కొలతలు సరిగ లేవని కో-పైలటు పరుగునడుమ ఒకటికి రెండుమార్లు చెప్పెను. కెప్టెను ఆగలేదు. విమానము వంతెనను తగిలి పొటోమాక్ నదిలో పడినది. వంతెనమీదివారితో కూడ 78 మంది పోయిరి.

ఈ రెండు దుర్ఘటనలును వైమానిక లోకమునకు ఒక కొత్త శిక్షణను నేర్పినవి. సందేహమును నోరువిప్పి చెప్పుట క్రిందివాని ధర్మమనియు, విని ఆగుట పైవాని ధర్మమనియు నేడు పైలట్లకు పాఠముగ చెప్పుచున్నారు. మాటలను సైతము సంస్కరించిరి. టేకాఫ్ అను మాటను అనుమతి నిచ్చునప్పుడు గాని, ఇచ్చినదానిని రద్దుపరచునప్పుడు గాని తప్ప వాడరు. తక్కినప్పుడు డిపార్చర్ అనియే అనవలయును. మన సమాజమున పెద్దవారి మాటకు ఎదురాడుట అవినయమని పిల్లలకు నేర్పుదుము. కాక్‌పిట్టులో మాత్రము ఆ మౌనము వినయము కాదు.

తెలిసినదానిని మరచుట యను దోషమునకు మందుగ పట్టిక పుట్టినది. 1935 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో బోయింగు వారి కొత్త బాంబరు విమానమును పరీక్షించుచు ఆరితేరిన పైలట్లు, తోకభాగపు కదలికలను బంధించు తాళమును విప్పుట మరచి కూలిరి. ఒక్కని జ్ఞాపకశక్తికి మించిన పనిగ విమానము పెరిగినదని గ్రహించి, నాటినుండి చేయవలసినవానిని కాగితముపై వ్రాసి చదువుట ఆరంభించిరి. 2008 ఆగస్టు 20వ తేదీన మాడ్రిడ్ నగరమున రెక్కల ఫ్లాపులను దింపకయే బయలుదేరిన విమానము కూలి 154 మంది మరణించిరి. పట్టిక ఉండుట చాలదు. చదువునప్పుడు చూడవలయునని అది బోధించినది.

ఇదంతయు విన్న పిమ్మట ప్రయాణికుడు నోరుమూసికొని కూర్చుండవలెనని మా తాత్పర్యము కాదు. కంపెనీలకును బాధ్యత కలదు. మంచురోజులలో ఢిల్లీకి తగిన శిక్షణ పొందిన పైలట్లనే పంపవలెనని తెలిసియు, 2023 డిసెంబరు చివరిదినములలో అట్లు చేయలేదని కొన్ని సంస్థలను పౌరవిమానయాన శాఖ సంజాయిషీ అడుగవలసి వచ్చినది. ఆకాశము చేసిన ఆలస్యమునకును, కంపెనీ అలక్ష్యముచే కలిగిన ఆలస్యమునకును భేదము కలదు. వాతావరణము కారణమైనచో నష్టపరిహార మడుగుటకు నియమములు ఒప్పవు. అందుచేతనే ప్రతి ఆలస్యమును వాతావరణముమీదికి నెట్టుటకు ఆశ కలుగును. ఆ ఆశను అరికట్టుటకు మాకొక సులభమైన ఉపాయము తోచుచున్నది. టెర్మినలులోని పలకలమీద ఆలస్యము అను ఒక్క మాట వ్రాసి ఊరకొనక, ప్రస్తుతపు రన్‌వే చూపుమేర ఇంత, మీ విమానమునకు కావలసినది ఇంత యని రెండంకెలు చూపవలయును. నిజమైన మంచునకు ఎవరును కోపగింపరు. కారణము తెలియనిచోటనే అనుమానము పెరుగును. అనుమానమునుండియే చేయి లేచును.

పైలటులను గూర్చి ఒక మాట. మంచు విడుచునని కాచుకొనియున్న సిబ్బందికి పనిగంటల పరిమితి ముగిసినచో, వాతావరణము బాగుపడినను వారు నడుపరాదు. వేరు సిబ్బంది రావలయును. అప్పుడు ప్రయాణికుల ఆగ్రహము ఇబ్బడి యగును. టెనెరిఫ్‌లో ఆ కెప్టెనును తొందరపెట్టినది ఇట్టి పరిమితియే. నిలిచిపోవుట వలన అవమానము గాని, జీతమునకు లోపము గాని, దెబ్బలు గాని కలుగవను ధైర్యము పైలటునకు ఉన్నప్పుడే, వలదనుటకు చట్టము ఆయనకిచ్చిన స్వాతంత్ర్యము నిజమైన స్వాతంత్ర్యమగును. ఆ ధైర్యమును కొంత కంపెనీ ఇయ్యవలయును. కొంత వెనుక కూర్చున్న మనమే ఇయ్యవలయును.

ఆ ఉదయము మా విమానము పదునొకండు గంటలు దాటిన పిమ్మట కదలినది. విశాఖ పోవు దంపతులు అప్పటికింకను తమ పిలుపునకై ఎదురుచూచుచునేయుండిరి. సెలవు తీసికొనుచు, వారి ప్రశ్నకు జవాబు తెలిసికొని వ్రాసెదమని చెప్పితిమి. చిరునామా అడుగుట మరచితిమి. ఈ నాలుగు మాటలును వారి కంటబడునని ఆశించుచున్నాము.